ఆర్.ఆర్. పాటిల్‌ని తయారుచేసిన జిల్లా పరిషత్తు

ఈ మధ్య మిత్రుల మధ్య నడిచిన ఒక చర్చలో ఒకాయన ఎంతో నమ్మకంగా ఒక వాదన చేశారు. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన జడ్పీటీసీ సభ్యుడు. మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడణవీస్ 1992లో నాగపూర్ కార్పొరేటర్, ఆ తర్వాత అదే నగరానికి మేయర్. ఆయనకు ముందు ముఖ్యమంత్రిగా ఉన్న ఏక్‌నాథ్ శిందే 1997లో ఠాణే కార్పొరేటర్. కింది నుంచి వచ్చినవాళ్లకు కింది కష్టం తెలుస్తుంది కాబట్టి ఇక పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ మంచిరోజులు వచ్చినట్టేనన్నది ఆయన వాదన.

ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. నీళ్ల ట్యాంకు కోసమో, బడి ప్రహరీ కోసమో అర్జీ పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగిన మనిషికీ, రాజధానిలో టికెట్టు సంపాదించుకుని నియోజకవర్గంలో దిగిన మనిషికీ తేడా ఉంటుందని నేనూ నమ్ముతాను. అయితే ఆ నమ్మకాన్ని ఒక నిజమైన రాజకీయ జీవితం పక్కన పెట్టి చూస్తే ఎంతవరకు నిలబడుతుందన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న. అలా చూడడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తగిన జీవితం పొరుగు రాష్ట్రంలోని సాంగ్లీ జిల్లాకు చెందిన ఆర్.ఆర్. పాటిల్‌ది. ఆయన పదకొండేళ్లు జిల్లా పరిషత్ సభ్యుడు, పాతికేళ్లు శాసనసభ్యుడు, గ్రామీణాభివృద్ధి మంత్రి, హోంమంత్రి, ఉప ముఖ్యమంత్రి. మన పత్రికలు ఆయనను రెండే సందర్భాల్లో పట్టించుకున్నాయి: డ్యాన్స్ బార్లను మూయించినప్పుడు, ముంబయి దాడుల తర్వాత ఒక మాట జారి పదవి పోగొట్టుకున్నప్పుడు. ఈ రెండింటికీ ముందున్న జీవితం మనకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. స్థానిక సంస్థలో మొదలైన నాయకుడికి ఒక చూపు అలవడుతుంది. ఆ చూపుకు ఎంత పదును వస్తుందన్నది ఆ సంస్థ చేతిలో నిజంగా ఎంత అధికారం ఉందన్న దానిని బట్టి ఉంటుంది. పైకి వెళ్లాక తను బయలుదేరిన చోటికి ఏం తిరిగి ఇచ్చాడన్నదాన్ని బట్టి నాయకుడిని అంచనా వేయాలి తప్ప, ఎక్కడ బయలుదేరాడన్న దానిని బట్టి కాదు.

సావళజ్ సభ్యుడు

పాటిల్‌ది తాస్‌గావ్ తాలూకాలోని అంజనీ అనే చిన్న ఊరు. ఈ రోజు తాస్‌గావ్ అంటే ద్రాక్ష తోటలు, ఎండుద్రాక్ష వ్యాపారం గుర్తుకొస్తాయి గాని, ఆయన పెరిగిన రోజుల్లో అది వర్షచ్ఛాయలో ఉన్న కరువు నేల. అదే జిల్లాలో కృష్ణ పారుతున్నా ఆ నీళ్లు ఎత్తిపోస్తే తప్ప ఈ పొలాలకు రావు. మ్హైసాళ్, టెంభూ ఎత్తిపోతల పథకాల చుట్టూ అక్కడి రాజకీయం దశాబ్దాల పాటు తిరగడానికి కారణం అదే. 1972 నాటి కరువు ఆ ప్రాంతపు జ్ఞాపకాల్లో ఇంకా ఉంది. ఆ కరువు పనుల అనుభవం నుంచే మహారాష్ట్ర ఉపాధి హామీ చట్టం వచ్చింది, దాని నుంచే 2005లో దేశమంతటికీ ఉపాధి హామీ వచ్చింది. పాటిల్ పేదింటి పిల్లవాడు. పనిచేస్తూ చదువుకునే పథకం కింద సాంగ్లీలో డిగ్రీ పూర్తి చేసి, తర్వాత లా చదివారు.

1979లో, ఇరవై ఏళ్లు దాటిన కొత్తల్లో, సావళజ్ స్థానం నుంచి సాంగ్లీ జిల్లా పరిషత్తుకు ఎన్నికయ్యారు. 1990లో తాస్‌గావ్ నుంచి శాసనసభకు వెళ్లేదాకా అక్కడే ఉన్నారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పదకొండేళ్లు వరుసగా గెలిచిన ఎన్నికల ఫలితం కాదు. మహారాష్ట్రలో 1979 తర్వాత జడ్పీ ఎన్నికలు మళ్లీ 1992లో గాని జరగలేదు. అంటే ఆయనకు దొరికిన సుదీర్ఘ శిక్షణ వెనుక, ప్రభుత్వాలు ఎన్నికలు జరపకుండా సాగదీసిన అన్యాయం కూడా ఉంది. ఆ సమయంలో ఓటు హక్కు వచ్చిన ఒక తరం సాంగ్లీ యువకులకు జడ్పీ సభ్యుడిని మార్చుకునే అవకాశమే రాలేదు. స్థానిక సంస్థల నుంచి ఎదిగిన నాయకుల కథలు చెప్పుకునేటప్పుడు ఇలాంటి వివరాలు జారిపోతాయి.

అయినా ఆ జడ్పీలో నేర్చుకోదగ్గ పని ఉండేది. 1961 నాటి మహారాష్ట్ర చట్టం, వసంతరావు నాయక్ కమిటీ సిఫార్సుల మీద, జిల్లా పరిషత్తును నిజమైన కార్యనిర్వాహక సంస్థగా నిలబెట్టింది. ప్రాథమిక పాఠశాలలు, ఊరి ఆసుపత్రులు, చిన్న చెరువులు, పశువైద్యం, గ్రామీణ రోడ్లు, వేలమంది టీచర్లు, సిబ్బంది అంతా జడ్పీ కింద ఉండేవారు. విద్యకూ ఆరోగ్యానికీ వ్యవసాయానికీ వేర్వేరు సంఘాలు, వాటికి ఎన్నికైన సభాపతులు ఉండేవారు. కలెక్టర్‌ను జడ్పీకి బయట ఉంచి, ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వేరొక అధికారిని పెట్టారు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి: ఆ చట్టంలో ఎమ్మెల్యేకూ ఎంపీకీ జడ్పీలో సభ్యత్వం లేదు.

మన దగ్గర అలా జరగలేదు. 1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో మొదలైన మన పంచాయతీరాజ్, దేశంలో అందరికన్నా ముందు వచ్చిన వాటిలో ఒకటని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ చట్టం తొలి నుంచీ ఎమ్మెల్యేలనూ ఎంపీలనూ సమితుల్లో, జిల్లా పరిషత్తుల్లో కూర్చోబెట్టింది. 1986లో సమితుల స్థానంలో మండలాలు వచ్చినా, 1994లో కొత్త చట్టం వచ్చినా ఆ కుర్చీ తీయలేదు. ఇవాళ్టికీ ఎమ్మెల్యే మండల పరిషత్తులో హోదా రీత్యా సభ్యుడు. మున్సిపాలిటీల్లోనైతే ఎక్స్ అఫీషియో ఓటుతో ఛైర్మన్ ఎవరన్నదాన్ని మార్చేసిన ఉదంతాలు మనం ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నాం.

ఒక మండల సర్వసభ్య సమావేశం

ఈ ఒక్క కుర్చీ వల్ల ఏమవుతుందని అడిగేవారికి నేను కళ్లారా చూసిన ఒక సమావేశం గురించి చెప్పాలి. ఊరి పని మీద వెళ్లి, ఒక మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో వెనుక వరుసలో కూర్చున్నాను. ఎజెండాలో మొదటి అంశం తాగునీరు. ఒక ఎంపీటీసీ సభ్యురాలు లేచి, తమ ఊరి బోరు మోటారు కాలిపోయిందనీ, మరమ్మతుకు అంచనా వేసి పంపమని రెండు సమావేశాలుగా అడుగుతున్నాననీ చెప్పారు. ఆమె మాట్లాడింది తాగునీటి శాఖ ఇంజనీరుతో. ఆ ఇంజనీరు ఆమె వైపు చూడలేదు. వేదిక మీద ఎంపీపీ వైపు కూడా చూడలేదు. ఎంపీపీ పక్కన కూర్చున్న ఎమ్మెల్యే వైపు చూశారు. ఎమ్మెల్యే తల ఊపారు. అప్పుడు ఇంజనీరు "చేయిస్తాం మేడం" అన్నారు.

ఆ ఎమ్మెల్యేది చెడు ఉద్దేశం కాదు. పని అయ్యింది కూడా. కానీ ఆ గదిలో ఉన్న ప్రతి సభ్యుడికీ ఆ క్షణంలో ఒక పాఠం అందింది: ఇక్కడ నువ్వు అడిగితే పని కాదు, ఆయన తల ఊపితే అవుతుంది. తర్వాతి సమావేశానికి ఆ సభ్యురాలు తీర్మానం రాసుకుని రావడం మానేసి, ముందురోజే క్యాంపు కార్యాలయానికి వెళ్తే ఆమెను ఎలా తప్పుపడతాం? అధికారిని నిలదీయడం, అంచనా కాగితం చదవడం, స్థాయీ సంఘంలో ఖర్చు లెక్క అడగడం, నలుగురు ప్రత్యర్థులను ఒప్పించి తీర్మానం నెగ్గించుకోవడం అనే విద్యలు ఆ గదిలో ఎవరికీ అబ్బవు. ఆ గది నుంచి రేపు ఎవరైనా శాసనసభకు వెళ్తే, స్థానిక సంస్థ నుంచి వచ్చిన నాయకుడని పత్రికలు రాస్తాయి. ఆయన మాత్రం అక్కడ నేర్చుకున్నది విన్నపమే అయి ఉంటుంది.

పాటిల్ 1990లో శాసనసభకు వెళ్లాక ప్రతిపక్షంలో పేరు తెచ్చుకున్న తీరు చూస్తే నాకు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1995 నుంచి 1999 దాకా శివసేన–భాజపా ప్రభుత్వం ఉన్న కాలంలో ఆయన ఆయుధం సావధాన తీర్మానం. మరాఠీలో దానిని లక్షవేధి అంటారు. ఫలానా ఊళ్లో ఫలానా ఘటన జరిగింది, దానిపై మంత్రి జవాబు చెప్పాలని సభ దృష్టికి తేవడం. దానికి కావలసింది ఆవేశం కాదు, కాగితాల మీద పట్టు. ఏ శాఖలో ఏ అధికారి సంతకం దగ్గర ఏది ఆగిందో తెలిసిన మనిషి మాత్రమే అలాంటి ప్రశ్న వేయగలడు. జడ్పీ సభ్యుడికి పదకొండేళ్లలో అబ్బే విద్య సరిగ్గా అదే.

చీపురు పట్టిన ఊళ్లు

1999లో కాంగ్రెస్, ఎన్‌సీపీ కలిసి ప్రభుత్వం ఏర్పాటుచేసినప్పుడు పాటిల్‌కు గ్రామీణాభివృద్ధి శాఖ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ కూడా 1974 నుంచి 1976 దాకా తన ఊరు బాభల్‌గావ్‌కు సర్పంచ్‌గా చేసినవాడే. ఖజానా పరిస్థితి బాగాలేదు, పెద్ద పథకాలకు డబ్బు లేదు. ఆ పరిస్థితిలో 2000–01లో సంత్ గాడ్గే బాబా గ్రామ పారిశుద్ధ్య ఉద్యమం మొదలైంది.

గాడ్గే బాబా పగలు చీపురుతో ఊరు ఊడ్చి, రాత్రి కీర్తన చేసిన సంచార సాధువు, 1956లో మరణించారు. విదర్భ నుంచి కొంకణ్ దాకా ఆయన పేరు తెలియని ఇల్లు ఉండదు. ఆ పేరు పెట్టడంలోనే నాకు ఒక జడ్పీ మనిషి తెలివి కనిపిస్తుంది. ప్రభుత్వ ఆదేశం చెప్పలేని మాటను ఊరి భజన మండలి చెప్పగలదని ఆయనకు తెలుసు. పథకం నిర్మాణం తేలికైనది: ప్రభుత్వం నిధులు ఇవ్వదు, ఊళ్ల మధ్య పోటీ పెడుతుంది. తాలూకా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి రాష్ట్రానికి తనిఖీలు, బహుమతులు. ఊళ్లు శ్రమదానంతో కాలువలు తీసుకున్నాయి, మరుగుదొడ్లు కట్టుకున్నాయి, బడి గోడలకు రంగులు వేసుకున్నాయి. ప్రభుత్వం ఇచ్చిన బహుమతి సొమ్ము కన్నా ఎన్నో రెట్లు విలువైన పని ఊళ్లు సొంత చేతులతో చేసుకున్నాయి. తర్వాత కేంద్రం 2003లో ప్రకటించిన నిర్మల్ గ్రామ్ పురస్కారాల్లో మహారాష్ట్ర పంచాయతీలు అందరికన్నా ఎక్కువ గెలుచుకోవడానికి ఈ పునాదే కారణమని నేను అనుకుంటాను.

ఇదే కాలంలో మన దగ్గర జన్మభూమి నడిచింది. అందులోనూ శ్రమదానం ఉంది, పరిశుభ్రత ఉంది, గ్రామసభలూ ఉన్నాయి. కానీ ఆ సభలను నడిపింది నోడల్ అధికారి. ఊరికి ఎన్నికైన సర్పంచ్ ఉన్నా, ప్రభుత్వం పంపిన అధికారి ముందు ప్రజలు దరఖాస్తులతో వరుస కట్టారు. పంచాయతీని పక్కనపెట్టి ప్రభుత్వం నేరుగా ప్రజల దగ్గరకు వెళ్లాలనే ఆ ఆలోచన తర్వాత ఏ పార్టీనీ వదలలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గ్రామ సచివాలయాలు, వలంటీర్ల వ్యవస్థ మీద సర్పంచులు చేసిన ప్రధాన ఫిర్యాదు కూడా ఇదే: ఊళ్లో కార్యాలయం వచ్చింది, ఉద్యోగులు వచ్చారు, వాళ్ల మీద మాకు అధికారం లేదు. పాటిల్ పథకంలో మాత్రం పోటీలో నిలబడేది గ్రామ పంచాయతీ. గెలిస్తే పేరు వచ్చేది సర్పంచ్‌కు.

ఇక్కడ నా వాదనకు నేనే అడ్డం చెప్పుకోవాలి. పోటీ పెట్టిందెవరు? రాష్ట్ర ప్రభుత్వం. మార్కులు వేసిందెవరు? అధికారులు. దేనికి మార్కులో నిర్ణయించింది ముంబయిలోని మంత్రాలయం, అంటే రాష్ట్ర సచివాలయం. తనిఖీ బృందం వచ్చే ముందు మెరిసిపోయి, బహుమతి వచ్చిన రెండేళ్లకు మళ్లీ పాత స్థితికి వెళ్లిపోయిన ఊళ్ల గురించి ఆ రాష్ట్రంలోనే ఎంతో చర్చ జరిగింది. అన్నిటికీ మించి, ఈ ఉద్యమం ఊళ్లకు కొత్త పని అప్పగించింది గాని, కొత్త అధికారాన్ని గాని, ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకునే స్థిరమైన నిధిని గాని ఇవ్వలేదు. ఊరి శక్తి ఎంతో తెలిసిన మంత్రి ఆ శక్తిని మేల్కొలిపాడు. దానికి చట్టంలో ఆసరా కల్పించలేదు. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గకుండానే ఈ మాట అంటున్నాను, ఎందుకంటే నిజాయితీగల మంత్రికే ఇది సాధ్యం కాకపోతే దానికి కారణం వ్యక్తిలో లేదు.

కారణం ఎక్కడ ఉందో ఊహించడం కష్టం కాదు. శాసనసభలో ఉన్న ప్రతి సభ్యుడికీ తన నియోజకవర్గంలో ఎదుగుతున్న జడ్పీ సభ్యుడే రేపటి పోటీదారు. 1990లో పాటిల్ స్వయంగా అలాంటి పోటీదారుగా వచ్చినవాడే. కింది సంస్థకు అధికారం ఇవ్వడమంటే తన కుర్చీకి తానే అభ్యర్థిని తయారుచేసుకోవడం. ఒక్క మంత్రి మనసు మంచిదైనంత మాత్రాన మొత్తం సభ ప్రయోజనం మారదు.

హోంశాఖలో ఊరి మనిషి

2003 చివర్లో పాటిల్ హోంమంత్రి అయ్యారు. 2004లో ఉప ముఖ్యమంత్రి పదవి కూడా వచ్చింది. ఇక్కడి నుంచి ఆయన జీవితం మరింత సంక్లిష్టమవుతుంది, నా సందేహాలూ పెరుగుతాయి.

2005లో డ్యాన్స్ బార్లను నిషేధిస్తూ బొంబాయి పోలీసు చట్టానికి సవరణ తెచ్చారు. ముంబయి శివార్లలో, రాయ్‌గఢ్ వైపు, భూములు అమ్ముకున్న రైతుల కొడుకులు ఆ డబ్బంతా బార్లలో పోస్తున్నారన్న ఆవేదన గ్రామీణ మహారాష్ట్రలో నిజంగానే ఉంది. దానిని సభలో వినిపించిన మనిషి ఊరి నుంచి వచ్చినవాడు కావడం సహజం. అయితే ఆ ఒక్క నిర్ణయంతో దాదాపు 75,000 మంది స్త్రీల జీవనాధారం పోయిందని అప్పట్లో లెక్కలు చెప్పారు. పైగా మూడు నక్షత్రాలూ ఆపై స్థాయి హోటళ్లకు మినహాయింపు ఇచ్చారు. సమానత్వపు హక్కుకూ వృత్తి హక్కుకూ విరుద్ధమంటూ బొంబాయి హైకోర్టు 2006 ఏప్రిల్‌లో ఆ నిషేధాన్ని కొట్టివేసింది. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

నేను ఈ నిర్ణయాన్ని తప్పుపడతాను, కానీ దాని మూలం ఆయన చెడ్డతనంలో కాక ఆయన శిక్షణలోనే ఉందనుకుంటాను. జడ్పీ సమావేశంలో ఒక నిర్ణయం తీసుకుంటే, దాని వల్ల నష్టపోయేవాళ్లు మరునాడు ఉదయం మీ గుమ్మం ముందు ఉంటారు. ఆ భయం నిర్ణయాన్ని సరిదిద్దుతుంది. ముంబయి బార్లలో నాట్యమాడే స్త్రీలు తాస్‌గావ్ ఓటర్లు కారు. చాలామంది ఆ రాష్ట్రం వాళ్లే కారు. ఊరి పెద్దకు తన ఊరి మీద ఉండే అధికారం, బాధ్యత తోడుగా ఉన్నంతవరకే న్యాయంగా ఉంటుంది. అదే అధికారాన్ని, ఆ బాధ్యత లేని చోట, కోటిమందికి పైగా ఉన్న నగరం మీద ప్రయోగిస్తే అది కేవలం కట్టడిగా మిగిలిపోతుంది.

2007 ఆగస్టు 15న మొదలైన తంటాముక్త గావ్ (తగాదాలు లేని ఊరు) కార్యక్రమం గురించి కూడా నాకు రెండు మనసులు ఉన్నాయి. గ్రామసభ ఎన్నుకున్న సంఘం ఊరి తగాదాలను రాజీతో పరిష్కరించాలి, అలా పరిష్కరించుకున్న ఊళ్లకు ప్రభుత్వం బహుమతి ఇస్తుంది. గట్టు తగాదాలు, వాటా తగాదాలు, ముప్పయ్యేళ్లుగా కోర్టు వాయిదాలకు తిరుగుతున్న అన్నదమ్ముల కేసులు ఊళ్లోనే తెమిలితే మంచిదే. మన రైతు కుటుంబాల్లో ఎకరం కోసం మొదలైన కేసు రెండెకరాలు తిని ఆగిన కథలు ఎన్ని లేవు? కానీ హోంశాఖ దానికి బహుమతి పెట్టగానే, ఫిర్యాదు ఇవ్వడమే ఊరికి చేటుగా మారుతుంది. మొగుడు కొట్టాడని ఠాణాకు వెళ్లదలచిన స్త్రీకి, కులం పేరుతో అవమానించారని కేసు పెట్టదలచిన దళితుడికి, "నీవల్ల ఊరి బహుమతి పోతుంది" అని చెప్పే అవకాశం ఊరి పెద్దలకు దొరుకుతుంది. ఊరిని ప్రేమించే మనిషికి ఊళ్లోని బలాబలాలు కూడా అంతే స్పష్టంగా కనబడాలి. పాటిల్‌కు అవి కనబడలేదని అనలేను. ఆ పథకంలో మాత్రం ఆ జాగ్రత్త సరిపోయినంత లేదు.

తర్వాత 2008 నవంబర్ 26. పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న ఘటనలు జరుగుతూనే ఉంటాయన్న అర్థం వచ్చేలా ఆయన హిందీలో ఒక మాట అన్నారు. నూట అరవై మందికి పైగా చనిపోయిన నగరం దానిని క్షమించలేదు. డిసెంబర్ 1న రాజీనామా చేశారు. కొద్ది రోజులకే దేశ్‌ముఖ్ కూడా ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఒకప్పటి సర్పంచ్, ఒకప్పటి జడ్పీ సభ్యుడు ఒకే వారంలో కూలిపోవడం చూసి, పల్లె నాయకులకు మహానగరం అర్థం కాదని ఆ రోజుల్లో కొందరు వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యానంతో నేను ఏకీభవించను. సముద్ర తీరం కాపలాలో, పోలీసుల సన్నద్ధతలో కనబడిన లోపాలు ఒక మనిషి ఊరి పుట్టుకకు సంబంధించినవి కావు. మాట జారడం తప్పే, దానికి ఆయన మూల్యం చెల్లించారు.

గడ్చిరోలి

2009లో మళ్లీ హోంమంత్రిగా వచ్చాక ఆయన చేసిన పనుల్లో తెలుగు పాఠకులకు దగ్గరిది ఒకటుంది. మంత్రులు సాధారణంగా సొంత జిల్లాకో సంపన్న జిల్లాకో పాలక మంత్రి (జిల్లా బాధ్యతలు చూసే మంత్రి) పదవి కోరుకుంటారు. ఆయన గడ్చిరోలిని కోరి తీసుకున్నారు. ఆ జిల్లా దక్షిణ కొసన ఉన్న సిరొంచాలో బజారులో తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. ప్రాణహిత, గోదావరి దాటితే మన ఊళ్లే. నక్సల్ ఉద్యమానికి కేంద్రమైన ఆ జిల్లాకు హోంమంత్రి పోలీసు మంత్రిగానే వెళ్లి ఉండవచ్చు. ఆయన అభివృద్ధి బాధ్యతను కూడా తీసుకుని వెళ్లడం, సాంగ్లీ జడ్పీ మనిషి ఇంకా ఆయనలో మిగిలి ఉన్నాడనడానికి నిదర్శనంగా నాకు తోస్తుంది.

అదే జిల్లాలోని మెండా-లేఖా అనే చిన్న గోండు గ్రామం ఈ చర్చకు మరో కోణం ఇస్తుంది. "ఢిల్లీలో, ముంబయిలో మా ప్రభుత్వం; మా ఊళ్లో మేమే ప్రభుత్వం" అన్నది ఆ ఊరి నినాదం. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సామూహిక హక్కు పత్రం సాధించి, 2011లో తమ వెదురును తామే అమ్ముకునే రవాణా అనుమతి కూడా పొందింది. ఈ గెలుపులో ఏ ఎమ్మెల్యే స్థానిక మూలాలూ లేవు. ఏళ్ల తరబడి ప్రతి నిర్ణయాన్నీ అందరి సమ్మతితో తీసుకునే గ్రామసభ, ఆ సభ పట్టు బిగించడానికి ఒక చట్టం ఉన్నాయి. మంచి నాయకుడి కోసం ఎదురు చూడకుండా హక్కును చట్టంలో రాయించుకున్న ఊరు అది. పాటిల్ బహుమతులతో మేల్కొలిపిన ఊళ్ల పక్కన ఈ ఊరిని పెట్టి చూసినప్పుడు, ఏది ఎక్కువ కాలం నిలుస్తుందన్న విషయంలో నాకు సందేహం లేదు.

తాస్‌గావ్‌లో ఇప్పుడు

పాటిల్ 2014లో ఆరోసారి గెలిచి, కొద్ది నెలలకే 2015 ఫిబ్రవరి 16న నోటి క్యాన్సర్‌తో మరణించారు. ఆ ఏడాది ఉప ఎన్నికలో ఆయన భార్య సుమన్ పాటిల్ గెలిచారు, 2019లో మళ్లీ గెలిచారు. 2024 నవంబర్‌లో వారి కొడుకు రోహిత్ పాటిల్ పాతికేళ్ల వయసులో అదే తాస్‌గావ్–కవఠే మహాంకాళ్ స్థానం నుంచి గెలిచి ఆ సభలో అందరికన్నా చిన్న సభ్యుడయ్యారు. పేదింటి నుంచి జడ్పీ మీదుగా వచ్చిన మనిషి స్థానం ఒక్క తరంలోనే కుటుంబ స్థానంగా మారింది. ఇందులో ఆ కుటుంబాన్ని నిందించడానికి నాకేమీ కనిపించదు. ప్రజలు ఓటు వేసి గెలిపించారు, ఆ యువకుడు సమర్థుడే కావచ్చు. నేను అడిగేది అంజనీలోనో సావళజ్‌లోనో ఉన్న మరో పేదింటి పాతికేళ్ల యువకుడి గురించి. 1979లో రావ్‌సాహెబ్ (ఆర్.ఆర్. పాటిల్ అసలు పేరు) అనే కుర్రవాడికి దొరికిన మొదటి మెట్టు ఇతనికి ఎక్కడుంది?

2024లో ఆ మెట్టు లేనే లేదు. సాంగ్లీతో సహా మహారాష్ట్రలోని చాలా జిల్లా పరిషత్తుల గడువు 2022లో ముగిసింది. రిజర్వేషన్ల వివాదం, వార్డుల విభజన వివాదం పేరుతో ఎన్నికలు ఆగిపోయి, అధికారుల పాలన కిందకు వెళ్లాయి. ముంబయి మహానగరపాలిక కూడా అలాగే అయింది. ఈ కాలంలో ముఖ్యమంత్రులుగా ఉన్నవారిలో ఒకరు మాజీ కార్పొరేటర్, మరొకరు మాజీ మేయర్. చివరకు ఎన్నికలు జరపమని 2025 మే 6న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. తెలంగాణలోనూ 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు, ఆ జూలైలో ఎంపీటీసీ, జడ్పీటీసీల గడువు తీరిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. గ్రామ పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో గాని జరగలేదు. అప్పటి ముఖ్యమంత్రి ఒకప్పటి జడ్పీటీసీ. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ తేలకుండా ఎన్నికలు పెట్టకూడదన్న వాదనలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. అయితే శాసనసభ గడువు తీరిపోతే ఏ వివాదం కోసమూ ఎన్నికలు ఏళ్ల తరబడి ఆగవు. ఊరి గడువు తీరితే ఆగుతాయి. ఈ తేడాను కింది నుంచి వచ్చిన ముఖ్యమంత్రులు కూడా భరించగలిగారు.

మహారాష్ట్ర పద్ధతిని నేను ఆదర్శంగా చూపడం లేదు. జడ్పీలో కుర్చీ లేకపోయినా, పాలక మంత్రి అధ్యక్షతన నడిచే జిల్లా ప్రణాళిక సంఘం ద్వారా, ఎమ్మెల్యే నిధుల ద్వారా, చక్కెర కర్మాగారాల ద్వారా అక్కడి శాసనసభ్యులు తమ పట్టు తాము నిలుపుకున్నారు. అయినప్పటికీ మన రెండు రాష్ట్రాల్లో ఎవరైనా ఒక్క మార్పు కోరమంటే, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు, మున్సిపాలిటీల నుంచి ఎమ్మెల్యే సభ్యత్వాన్ని తొలగించమని కోరతాను. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పంచాయతీలకు సంబంధించిన 243సి, మున్సిపాలిటీలకు సంబంధించిన 243ఆర్ అధికరణాలు ఎమ్మెల్యేలకు చోటు కల్పించవచ్చని మాత్రమే చెబుతాయి, కల్పించి తీరాలని చెప్పవు. రాష్ట్ర చట్టంలో కొన్ని వాక్యాలు తీసేస్తే చాలు. ఎమ్మెల్యే లేకపోతే అధికారులు ఎంపీటీసీల మాట అసలే వినరని నా మిత్రుడు అభ్యంతరం చెప్పారు. మొదటి రెండు మూడేళ్లు బహుశా ఆయన చెప్పినట్టే జరుగుతుంది. ఆ తర్వాత ఆ బోరు మోటారు గురించి అడిగిన సభ్యురాలు, ఇంజనీరు జవాబు చెప్పకపోతే తీర్మానంలో అతని పేరు రాయించే స్థితికి వస్తారని నేను అనుకుంటున్నాను. ఆ సవరణ బిల్లును ఏ పాత జడ్పీటీసీ సభలో ప్రవేశపెడతారో చూడాలని ఉంది.